ఎంగిలి కాని వెండిగిన్నె

శ్వేతాశ్వసీమకు కోటలు లేవు, కందకాలు లేవు. ఆకాశం అంచు దాకా పచ్చగడ్డి, ఆ గడ్డి మీద మేసే తెల్లగుర్రాలు, వాటి నడుమ ఉన్ని కంబళ్ళతో కట్టిన గుండ్రటి గుడారాలు, అంతే. ఆ గుడారాల మధ్య ఒకటి మాత్రం చిన్న కొండంత ఉంది. దాని కొన మీద నిలిపిన వెండి గుర్రం బొమ్మ పొద్దుటి ఎండకు తళతళలాడుతోంది. మిట్ట మీద గుర్రాన్ని నిలిపి ఆ వైభవం చూసిన ఉదయభద్రుడికి ప్రాణం లేచి వచ్చింది.

"కొండప్పా, వచ్చేశాం!" అన్నాడు.

"వచ్చేశాం సరే చినదొరా, వెళ్ళడం మాటేమిటి?" అంటూ కొండప్ప రొప్పుతూ పక్కకు చేరాడు.

కొండప్ప మందారగిరి కొలువులో తాంబూలపు పెట్టె మోసే అడపకాడు. పొట్ట ముందు నడుస్తుంది, మనిషి వెనక నడుస్తాడు. వేషం కోసం తుమ్మజిగురుతో అంటించిన గుర్రపువెంట్రుకల మీసం అతన్ని దారి పొడుగునా దురదతో చంపుతోంది. పైగా సీమలో సున్నం దొరకదేమోనన్న బెంగతో ఇంటి దగ్గర్నుంచి ఒక సంచెడు పొడిసున్నం మోసుకొచ్చాడు. యుద్ధానికి సున్నం మోసే మొనగాణ్ణి నిన్నే చూశానని ఉదయభద్రుడు ఎన్నిసార్లు ఎగతాళి చేసినా ఆ సంచి మాత్రం వదల్లేదు.

వేషం లేకుండా ఈ సీమలో అడుగు పెడితే తల దక్కదు. దానికి కారణం ధూమకంఠుడనే మాంత్రికుడు. వాడు గాయకుడి వేషంలో మందారగిరికి వచ్చి, ఉదయభద్రుడి అన్న సోమభద్ర మహారాజు గొంతును ఒక వెండిగిన్నెలోకి లాగేసి, ఆ గిన్నెతో సహా మాయమయ్యాడు. ఆనాటి నుంచి మహారాజు మూగవాడు. విజయదశమి కొలువులో రాజు తన నోటితో తీర్పు చెప్పలేకపోతే సింహాసనం దిగిపోవాలని ఆ రాజ్యపు కట్టుబాటు. ధూమకంఠుడేమో ఆ గిన్నెను తెచ్చి శ్వేతాశ్వసీమ రాణికి కానుకిచ్చాడు. మందారగిరివాళ్ళు విషం పెట్టే జాతి అని ఆమెకు నూరిపోసి, వాళ్ళలో ఎవడు కనిపించినా తల తీయాలని ఆజ్ఞ కూడా వేయించాడు.

సింహాసనం సంగతి మంత్రులు చూసుకుంటారు. ఉదయభద్రుడి బాధ వేరు. అమ్మానాన్నలు పోయాక అతన్ని ఎత్తుకు పెంచింది అన్నే. కొలువులో "తమ్ముడా" అని నిండుగా పిలిచినా, ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం "పిడుగా!" అనేవాడు. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో! అది మళ్ళీ వింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

"దారిలో మూలికల కోనలో కలిసిన అవ్వ చెప్పింది మరిచిపోకు," అన్నాడు కొండప్పతో. "చేప పిడి ఉన్న గిన్నె. నెత్తురు పంచుకు పుట్టినవాడు దానితో తాగాలి. అప్పుడు గొంతు బయటపడుతుంది."

"ఇంకోటి కూడా అన్నదండీ. గొంతుకి కళ్ళుండవు నాయనా అని. అదేంటో నాకు బోధపళ్ళేదు."

"నాకూ బోధపడలేదు. ఆ వేరు నాలుక కిందే ఉందా?"

అవ్వ ఇద్దరికీ ఇచ్చిన భాషావేరు నాలుక కింద ఉన్నంతసేపూ ఏ దేశపు మాటైనా వచ్చేస్తుంది. కొండప్ప తనదాన్ని తమలపాకులో చుట్టి నాలుక కింద పెట్టుకున్నాడు. "ఉందండీ. ఉమ్మెయ్యకుండా ఉండటమే ప్రాణాంతకంగా ఉంది."

ఆ మాట పూర్తయ్యీ కాకముందే నెత్తిన నీడ పడింది.

ఆకాశంలోంచి రెండు గద్దలు రాళ్ళలా పడ్డాయి. వాటి ముక్కులు ఇనుపవి, గోళ్ళు కొడవళ్ళంత ఉన్నాయి. ఉదయభద్రుడు పక్కకు వాలకపోతే మొదటి దెబ్బకే తల ఎగిరిపోయేది. టోపీ మాత్రం పోయింది. రెండో గద్ద మిట్ట కింద మేస్తున్న గుర్రప్పిల్లను ఒడిసి పట్టి పైకి లేచింది. ఉదయభద్రుడు గుర్రం డొక్కలో మడమ నొక్కి దూకించాడు. కత్తి దూశాడు, విసిరాడు. రెక్క తెగి గద్ద గిరికీలు కొట్టింది. గుర్రప్పిల్ల జారి గడ్డిమోపు మీద పడి, ఏమీ జరగనట్టు లేచి నిలబడింది. మొదటి గద్ద మళ్ళీ తిరిగి నిరాయుధుడైన అతని కళ్ళ మీదికే వచ్చింది.

"వంగండి దొరా!" అని కొండప్ప కేక.

ఉదయభద్రుడు వంగాడు. కొండప్ప సున్నపు సంచి మూతి విప్పి గాలివాటున విసిరేశాడు. తెల్లటి మబ్బు లేచింది. కళ్ళలో సున్నం పడ్డ గద్ద కీచుమంటూ నేరుగా పోయి బండరాతికి గుద్దుకుంది. మరుక్షణం రెండు గద్దలూ రెండు బూడిద కుప్పలై గాలికి కొట్టుకుపోయాయి.

"ఇవి పక్షులు కావు, వాడి పెంపకం," అన్నాడు ఉదయభద్రుడు.

"సున్నమంతా పోయిందండీ," అన్నాడు కొండప్ప, ఏడుపు మొహంతో.

ఈలోగా గుడారాల్లోంచి జనం ఉరుకులు పరుగుల మీద వచ్చారు. ఆ గద్దలు ఎన్నాళ్ళుగానో వాళ్ళ గుర్రప్పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయట. ఆడవాళ్ళు ఇద్దరి చేతులూ కళ్ళకద్దుకున్నారు, మగవాళ్ళు భుజాలకెత్తుకున్నారు. మంచుకొండల అవతలి మేతభూముల నాయకుణ్ణి, నా పేరు తొగరాయ్, ఇతను నా వంటవాడు అని ఉదయభద్రుడు చెప్పిన కట్టుకథ వినేవాళ్ళు కూడా లేరు. పాటలు పాడుకుంటూ ఇద్దర్నీ పెద్ద గుడారంలోకి తీసుకుపోయారు.

లోపల అడుగు పెట్టగానే కొండప్ప నోరు తెరిచి మూయడం మరిచాడు. నేలంతా ఎర్రటి తివాచీలు. పైకప్పు నడిమధ్య పొగ పోయే గుండ్రటి కంత, అందులోంచి జలజలా దిగుతున్న ఎండ. ఆ ఎండలో నిలువెత్తు వెండి గుర్రం ఒకటి మోర ఎత్తి నిలబడి ఉంది. దాని నోటి నుంచి పులిసిన గుర్రప్పాలు సన్నటి ధారగా వెండి తొట్టిలోకి పడుతున్నాయి. కూర్చున్న ప్రతి మనిషి నడుముకీ వెండి గొలుసుతో ఒక గిన్నె వేలాడుతోంది. ఒకదాని పిడి జింక, ఒకదానిది కొంగ, ఒకదానిది తోడేలు. పిడి మీద బొటనవేలు ఆనించడానికి ఆకులాంటి రేకు, దాని మీద లతలు. ఒక్క గిన్నెకూ అడుగు చదునుగా లేదు. కింద పెడితే దొర్లిపోతుంది. పోసింది తాగేదాకా చేతిలోంచి దించకూడదనే అలా చేస్తారు.

ఎత్తైన పీట మీద సొయిలున్ ఖాతూను కూర్చుని ఉంది. ఆ సీమలో రాణిని ఖాతూను అంటారు. ముడతలు పడ్డ ముఖం, నవ్వితే కళ్ళు కనిపించవు. భర్త, కొడుకులు యుద్ధాల్లో పోయాక సీమను ఒంటిచేత్తో నడుపుతున్న ముసలామె. ఆమె పక్కన రాజవైద్యుడి వేషంలో, బూడిదరంగు అంగీతో, వెన్నెముకలా సన్నగా ఉన్నవాడు ధూమకంఠుడు. వాడి నడుముకి ఒకటి కాదు, గుత్తిగా గిన్నెలు వేలాడుతున్నాయి. గద్దలు పోయిన దుఃఖం ముఖంలో కనపడనీయకుండా, వేషాల్లో ఉన్న అతిథుల్ని పోల్చుకోలేక పరకాయించి చూస్తున్నాడు.

"రా కొడుకా," అంది ఖాతూను. "నా గుర్రప్పిల్లని కాపాడినవాడికి మామూలు గిన్నెలో పోస్తానా? నా పాటగిన్నె తెండి!"

పట్టుగుడ్డ విప్పి తెచ్చిన గిన్నె చూసేసరికి ఉదయభద్రుడు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశాడు. పిడి చేప. పొలుసుపొలుసునా చెక్కిన వెండి చేప. గిన్నె అడుగు నుంచి తుమ్మెద రొదలాంటి కూనిరాగం వస్తోంది. అన్న స్నానాలవేళ తీసే రాగం అది.

"సాయంత్రమైతే ఇది పాడుతుంది. ఒంటరిదాన్ని కదా, ఇదే నాకు తోడు," అంది ఖాతూను, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులా అందిస్తూ.

ఉదయభద్రుడు ఒక్కటీ తప్పలేదు. దారిలో ఒక గుర్రాల వర్తకుడి దగ్గర ఈ మర్యాదలన్నీ నేర్చుకున్నాడు. ఎడమ మోకాలు వంచాడు. కుడిచేత్తో గిన్నె పట్టి, బొటనవేలు చేప వీపు మీది రేకుకు ఆనించాడు. ఉంగరపు వేలు పాలలో ముంచి ఆకాశానికి, నేలకు, నిప్పుకు చిలకరించాడు. కొలువంతా మెచ్చుకోలుగా తలలూపింది. ఇక తాగడమే తరువాయి. తాగడం కూడా ఎవరైనా నేర్పాలా?

తల వెనక్కి వంచి, గిన్నె పైకెత్తి, పెదవులకు తగలకుండా ధార కట్టి గటగటా నోట్లో పోసుకున్నాడు. చుక్క ఒలకలేదు. మందారగిరిలో ఏ పెద్దమనిషి చూసినా శెభాషనేవాడే.



గొంతు బయటపడలేదు. గిన్నె వేడెక్కనూ లేదు, మెరవనూ లేదు. ఉదయభద్రుడు అయోమయంగా చుట్టూ చూశాడు. అందరి చేతులూ కత్తుల మీద ఉన్నాయి. ఖాతూను ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"గుర్రప్పిల్ల కూడా పొదుగుకి మూతి ఆనించే తాగుతుంది," అంది ఆమె మెల్లగా. "నా గిన్నెకి నీ పెదవి ఆనలేదేం? అంత అసహ్యం పుట్టించిందా?"

"తల్లీ, ఇతను మంచుకొండలవాడు కాదు!" ధూమకంఠుడు ఒక్క గంతులో ముందుకొచ్చాడు. "ఇలా తాగేది దక్షిణాదివాళ్ళు. మందారగిరివాడు వీడు! ఆ వంటవాణ్ణి కూడా చూడండి."

వంటవాడు కంగారులో తన చేతిలోని గిన్నెను మూతికి అదిమేసుకుని, ఇదిగో నేను ఆనించే తాగుతున్నానని నిరూపించుకునే ప్రయత్నంలో ఉన్నాడు. గిన్నె దించేసరికి మీసం పాలలో తేలుతోంది. కొండప్ప దాన్నీ, కొలువునీ చూసి గుటక మింగాడు. ఆ గుటకతో భాషావేరు కూడా లోపలికి పోయింది. అక్కణ్ణుంచి ఎవరేమన్నారో అతనికి ముక్క అర్థం కాలేదు.

బరిసెలు ఇద్దరి గొంతుల మీదికి వచ్చాయి. ధూమకంఠుడు నడుము నుంచి ఖాళీ గిన్నె ఒకటి విప్పాడు. "వీడి తల మీకు, గొంతు నాకు ఇప్పించండి తల్లీ. మీకు ఇంకో పాటగిన్నె చేసిపెడతాను."

ఇక దాచి లాభం లేదు. ఉదయభద్రుడు తల ఎత్తాడు. "నేను మందారగిరివాణ్ణే తల్లీ. అబద్ధమాడాను, తప్పే. కానీ మీ గిన్నెని అసహ్యించుకోలేదు. మా దేశంలో పెదవి తగిలినదాన్ని ఎంగిలి అంటాం. ఎంగిలి చేసినదాన్ని పెద్దల చేతికివ్వడం వాళ్ళను అవమానించడం. మీ గిన్నె మీకు శుభ్రంగా తిరిగివ్వాలనే ఎత్తి పోసుకున్నాను. అది మా మర్యాద."

ఖాతూను కనుబొమలు ముడిపడ్డాయి. ఇలాంటి మాట ఆమె జీవితంలో వినలేదు. "ఇక్కడ మొదట అతిథి తాగుతాడు, అదే అంచున మేం తాగుతాం. పెదవి మీద పెదవి పడితేనే మాట మీద నమ్మకం. అయితే మీ దేశంలో ఎవరూ ఎవరి ఎంగిలీ ముట్టరా? మరి మనుషులు దగ్గరయ్యేదెలా?"

ఆ ప్రశ్నకు ఉదయభద్రుడికి నవ్వూ, ఏడుపూ రెండూ వచ్చాయి.

"ముడతాం తల్లీ. అమ్మ ఎంగిలి తింటాం. చిన్నప్పుడు మా అన్నకి ఎవరైనా బెల్లపుముక్క పెడితే, పైబట్ట చెంగు దాని మీద కప్పి, బట్టతో సహా కొరికి, సగం నా నోట్లో పెట్టేవాడు. మధ్యన బట్ట ఉంది కాబట్టి అది ఎంగిలి కాదట. కాకెంగిలి అంటాం. ఒక్కోసారి బట్ట కప్పడం మరిచిపోయేవాడు. నేను గుర్తు చేసేవాణ్ణి కాను. మనవాళ్ళ ఎంగిలి మాకు ఎంగిలి కాదు."

ముసలామె పీట దిగి వచ్చి అతని చేతిలోని గిన్నె తీసుకుంది. తర్వాత వెండి గుర్రం ధార కింద చేప గిన్నె తానే నింపింది. అంచుకు పెదవి ఆనించి ఒక గుక్క తాగి, గిన్నె అతని ముందుకు చాచింది.

"అయితే తేల్చుకుందాం. నేను తాగిన చోటే పెదవి ఆనించి తాగు. నేను నీకు పరాయిదాన్నో, అమ్మ లాంటిదాన్నో ఈ గిన్నే చెబుతుంది."

పెదవి! అవ్వ చెప్పిన తాగడమంటే ఇదన్నమాట! ఉదయభద్రుడికి అప్పుడు తట్టింది. అంతకు ముందే తట్టినవాడు ధూమకంఠుడు. అన్న మాటతో ఇతనెవరో కూడా పోల్చుకున్న వాడి ముఖం పాలిపోయింది. అంగీ చాటున వేళ్ళు తిప్పాడు.

"తాగకు తమ్ముడా! విషం!"

అన్న గొంతు. అచ్చం సోమభద్రుడి గొంతు. గుడారం నలుమూలల నుంచీ ప్రతిధ్వనించింది. ఉదయభద్రుడి చేయి పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. కొండప్పకు సీమ భాష పోయినా ఇది మాత్రం అర్థమై, "పెదదొరవారూ!" అంటూ మోకాళ్ళ మీద పడ్డాడు.

"తమ్ముడా, ఉదయభద్రా, గిన్నె పారెయ్యి!" అంది మళ్ళీ ఆ గొంతు.

ఎన్నాళ్ళకు విన్నాడు! ఉదయభద్రుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ నీళ్ళతోనే నవ్వాడు. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు అన్న తమ్ముడా అంటాడా? తాను ఏట్లో మునిగినప్పుడు, చెట్టు మీంచి పడినప్పుడు అన్న నోటి వెంట వచ్చిన పిలుపు ఒక్కటే. కొలువు తప్ప ఇల్లెరగని ఈ దొంగకు గొంతు దొరికింది గానీ ఆ పిలుపు దొరకలేదు.

ఖాతూను పెదవి తగిలిన చోటే పెదవి ఆనించి, పాలు పూర్తిగా తాగేశాడు.

గిన్నె వెచ్చబడింది. చేప పిడి ఒక్కసారి తోక విదిల్చినట్టయింది. లోపలి నుంచి ఒక వెచ్చటి ఊపిరి అతని చెంపకు తగులుతూ బయటికి వచ్చి, గుడారమంతా మోగేలా, "పిడుగా!" అని పిలిచింది.

ఉదయభద్రుడు చిన్నపిల్లవాడిలా గట్టిగా ఏడ్చేశాడు. పట్టరాని సంతోషమది.

"ఆపండి దాన్ని!" అని అరిచాడు ధూమకంఠుడు. దొంగిలించిన గొంతు చేజారగానే మాయ చెదిరి వాడి అసలు గొంతు బయటపడింది. మేకపిల్ల గొంతు. బరిసెలు పట్టుకున్న వీరులు కూడా ఫక్కున నవ్వారు.

ఖాతూను మాత్రం నవ్వలేదు. "ఇన్నాళ్ళూ ఒక మనిషి గొంతుని కట్టేసి నాకు వినిపించావా?" అంటూ వాడి వైపు తిరిగింది. "పట్టుకోండి వీణ్ణి!"

పట్టుకునే లోపే వాడు బూడిదరంగు పొగై సుడి తిరిగాడు. నడుము గిన్నెలన్నీ పొగలో గణగణలాడాయి. ఆ పొగ కంతలోంచి పైకి దూసుకుపోయింది. అన్న గొంతు అప్పటికే అదే దారిన ఎగిరిపోయింది. అందరూ బయటికి పరుగెత్తారు. ఆకాశంలో కనిపించని గొంతు "పిడుగా! పిడుగా!" అంటూ ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి పడమర నుంచి వినిపిస్తూ గుండ్రంగా తిరుగుతోంది. పొగ దాని వెనకే, ఖాళీ గిన్నె నోరు తెరుచుకుని పోతోంది.

"ఎటు పోవాలో తెలీక తిరుగుతోందండీ!" అన్నాడు కొండప్ప. "గొంతుకి కళ్ళేవి మరి?"

ఆ మాటతో అవ్వ చెప్పింది ఇద్దరికీ ఒకేసారి బోధపడింది. కళ్ళు లేని గొంతు పిలుపును పట్టుకునే నడుస్తుంది. మందారగిరి దాకా దానికి దారి చూపాలంటే ఎవరో ముందు పిలుస్తూ పోవాలి. ఆ పిలుపు ఆగితే పొగ దాన్ని మింగేస్తుంది.

ఖాతూను తన తెల్లగుర్రం పగ్గం ఉదయభద్రుడి చేతిలో పెట్టింది. గాలిని వెనక వదిలేసే గుర్రమది. ఖాళీ అయిన చేప గిన్నెను తన చేత్తోనే అతని నడుముకి తగిలించింది.

"ఇల్లున్న పాటని దగ్గర పెట్టుకున్నానని నాకు తెలీదు కొడుకా. తెలిసి ఉంచుకోలేను. సాయంత్రాలు కొంచెం బోసిగా ఉంటాయి, అంతే," అంది. "మీ అన్న ఈ గిన్నెతో తాగాలి. బట్ట గిట్ట కప్పకుండా."

ఉదయభద్రుడు ఆమె పాదాలంటి లేచి, ఒక్క గెంతున గుర్రమెక్కాడు. కొండప్ప ఇంకో గుర్రం మీదికి ఎక్కబోయి, అవతలికి దొర్లి, మళ్ళీ ఎక్కాడు.

"అన్నా! ఇటు! అన్నా!"

గొంతు గిరుక్కున తిరిగింది. "పిడుగా!" అంటూ వెంటపడింది. గడ్డి నేల వెనక్కి పారిపోతోంది. గుడారాలు చుక్కలయ్యాయి, ఆపైన కనపడకుండా పోయాయి. బతుకంతా అన్న పిలుస్తుంటే తాను వెనకాల పరుగెత్తాడు. ఇవాళ తాను పిలుస్తుంటే అన్న గొంతు వెనకాల వస్తోంది. గుర్రం మీద ఎగిరిపడుతూనే ఉదయభద్రుడికి అది తలుచుకుని నవ్వొచ్చింది.

"దొరా, ముందు నేల లేదు!" కొండప్ప కేక పెట్టాడు.

నిజమే. గడ్డి హఠాత్తుగా తెగిపోయి, అడుగు కనపడని లోయ నోరు తెరిచింది. అవతలి గట్టు మసకగా ఉంది. కళ్ళెం లాగితే పిలుపు ఆగుతుంది. వెనక పొగ గిన్నెల గణగణ వీపుకి తగిలేంత దగ్గరికి వచ్చింది. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతును ఉదయభద్రుడు మళ్ళీ సవరించుకున్నాడు. గుర్రం మెడ మీదికి వంగి, కళ్ళెం పూర్తిగా వదిలేశాడు.

"అన్నా! వస్తున్నావా?"

తెల్లగుర్రం ముందుకాళ్ళు గట్టును వదిలాయి. సరిగ్గా చెవి పక్కనే, బెల్లపుముక్క నోట్లో పెట్టినప్పటి అదే నవ్వుతో, "నీ వెనకే ఉన్నాను పిడుగా, దూకు!" అంది గొంతు.